ఫిజియోథెరపీ చదువు: ఖర్చు, రాబడి

ఏటేట ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట మన ఇండ్లలో ఒక తర్జనభర్జన మొదలగును. బై.పి.సి. చదివిన పిల్లకు డాక్టరు సీటు దొరకలేదు. నర్సింగా, ఫార్మసీయా, వ్యవసాయమా, లేక ఈ ఫిజియోథెరపీ అనునదా అని నలుగురు నాలుగు మాటలు చెప్పుదురు. కడపట తండ్రి అడుగు ప్రశ్న ఒక్కటే: "గిన్నేండ్లు సదివి, గిన్ని పైసలు వెట్టినంక, బిడ్డకు నెలకు ఏమొస్తది?"

వైద్యమునకు సంబంధించిన వృత్తిని గూర్చి ఇట్లు రూపాయలలో అడుగుట తక్కువతనమని కొందరనుకొందురు. అది సరికాదు. రెండెకరముల మెట్టచేను తప్ప మరొక ఆధారము లేని కుటుంబము ఆ ప్రశ్న అడుగకుండ అప్పుపత్రముపై సంతకము చేయుటయే సరికాదు. కనుక నేటి ప్రసంగములో ఆ తండ్రి ప్రశ్ననే తీసుకొని, పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలను దృష్టియందుంచుకొని, సమాధానము వెదకుదము. 2016లోను, 2019లోను జరిగిన విభజనల వలన ఈ రెండు జిల్లాలు నేడు ఎనిమిదైనవి. కాని నేల ఒక్కటే, నీరు ఒక్కటే, జనుల బ్రతుకుతెరువు దాదాపు ఒక్కటే.

ముందు ఈ వృత్తి యెట్టిదో చూతము. ఫిజియోథెరపీ యనగా భౌతికచికిత్స. ఇందు మందు ప్రధానము కాదు, కత్తి ప్రధానము కాదు, కదలిక ప్రధానము. పక్షవాతముతో పడిపోయిన చేతికి మరల ముద్ద కలుపుట నేర్పుట, ఎముక అతికిన తరువాత బిగిసిపోయిన కీలును మెల్లమెల్లగా వంచుట, పుట్టుకలోనే మెదడు దెబ్బతిన్న శిశువు మెడ నిలుపునట్లు చేయుట, మోకాలి శస్త్రచికిత్స జరిగినవారిని మరల నడిపించుట, ఇట్టివన్నియు ఈ వృత్తిలోని పనులు. యంత్రములు కొన్ని ఉన్నవి; అవి తోడు మాత్రమే. అసలు పనిముట్లు చికిత్సకుని రెండు చేతులు, కన్ను, ఓర్పు. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తరువాత ఆదాయపు లెక్కలోనికి వచ్చినప్పుడు ఆ రెండు చేతులే ముఖ్యమగును.

మన దేశములో ఈ విద్యకు క్రమమైన రూపము 1950 దశకపు ఆరంభమున బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఏర్పడినది. పోలియో వలన పిల్లల కాళ్ళు చచ్చుబడుచున్న కాలమది. ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయముతో అక్కడ ఒక పాఠశాల నెలకొన్నది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘము స్థాపితమైనది. తరువాతి చరిత్ర మనకందరకు తెలిసినదే: 2011 జనవరి తరువాత మన దేశమున సహజముగా వ్యాపించు పోలియో కేసు నమోదు కాలేదు, 2014 మార్చి 27వ తేదీన మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియోరహితమని ప్రకటింపబడినది. ఏ రోగము కారణముగా ఈ వృత్తి మన దేశమున వేళ్ళూనినదో ఆ రోగము పోయినది. వృత్తి మాత్రము పోలేదు. రోగులు మారిరి. పిల్లల స్థానమున పెద్దలు వచ్చిరి. పక్షవాతము, మోకాళ్ళు, నడుము, రోడ్డుప్రమాదములు నేటి ఫిజియోథెరపిస్టునకు ప్రధానమైన పని కల్పించుచున్నవి.

ఇక మన జిల్లాల సంగతి. భౌతికచికిత్స అవసరమైనవారి కొరకు వెదకవలసినచోట్లలో మన మెట్టసీమ మొదటి వరుసలో నిలుచును.

నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరోసిస్ గుర్తుకు వచ్చును. ఇక్కడి నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగి, ఏండ్లతరబడి ఆ నీరు త్రాగినవారి ఎముకలలో చేరినది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రమాణము. దానిని దాటిన బావులు మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతములలో ఎన్నో ఉండెను. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి వ్యాసము ప్రకటితమైనది. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తొలగించు పద్ధతికి "నల్లగొండ పద్ధతి" యనియే పేరు వచ్చినది. మన జిల్లా పేరు లోకమునకు ఇట్లు తెలియుట గర్వకారణమో, బాధాకరమో చెప్పలేము. వెన్నెముక బిగిసి, మెడ తిరుగక, మోకాలు ముడుచుకొనక ఉన్న పెద్దలు ఈనాటికి ఆ ఊళ్ళలో ఉన్నారు. భౌతికచికిత్స ఆ ఎముకను మరల మామూలు ఎముకగా చేయజాలదు. ఉన్న కదలిక పోకుండ కాపాడుటకు, లేచి కూర్చుండుటకు, నొప్పి తగ్గుటకు తోడ్పడును. అంతకంటె ఎక్కువ మాట ఇచ్చువాడు మోసగాడు.

తాటిచెట్టు మన సీమకు మరొక గుర్తు. మోకు, ముస్తాదులతో ప్రతిదినము ఎక్కిదిగు గీతకార్మికులలో పట్టుతప్పి పడినవారికి వెన్నుపూస విరుగుట ఎన్నో గ్రామములలో జరిగినది. 2024 జులై 14న రాష్ట్రప్రభుత్వము "కాటమయ్య రక్షాకవచము" అను పేర సురక్షాపరికరములను పంచుట ప్రారంభించినది. ఇంతకుముందే పడినవారికి మాత్రము చక్రముల కుర్చీయో, వ్యాయామమో శరణ్యము. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల గుంటమగ్గములపై నలుబది ఏండ్లు కూర్చున్నవారి నడుములు వేరు కథ. పాలమూరు కూలీలు దేశమంతట కట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి, మేడలు లేపిరి. వారిలో తట్టలు మోసి మోసి అరిగిన మోకాళ్ళతో ఇల్లు చేరినవారున్నారు. ఇవి చాలనట్లు 65వ నంబరు జాతీయరహదారి చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటల మీదుగాను, 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్లల మీదుగాను పోవుచున్నవి. ఆ రోడ్లమీద జరుగు ప్రమాదములలో విరిగిన కాళ్ళకు లెక్కలేదు.

ఇంత అవసరము ఉన్నది కదా, ఇక ఈ వృత్తిలో చేరినవానికి కొదువ యేమని అనిపించును. ఇక్కడనే జాగ్రత్తపడవలెను. అవసరము వేరు, గిరాకి వేరు. నొప్పి యున్నవాడెల్ల రోగి కావచ్చును. ఫీజు ఇయ్యగలిగి, ఇచ్చుటకు ఒప్పుకొని, పదిసార్లు వచ్చువాడే చికిత్సకుని ఆదాయమునకు లెక్కవచ్చును. ఈ భేదమును మరచి చదువులో చేరినవారే తరువాత నిరాశపడుదురు.

రోగి వైపు నుండి ఒక లెక్క చూతము. మారుమూల మండలములోని ఒక స్త్రీ నడుమునొప్పితో జిల్లాకేంద్రమునకు రావలెను. పన్నెండు సార్లు రమ్మని చెప్పిరనుకొందము. సిట్టింగునకు 200 రూపాయల వంతున ఫీజు 2,400 రూపాయలు. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితప్రయాణము కలదు కనుక చార్జీ బాధ తప్పినది. కాని వచ్చిన ప్రతిదినము కూలి పోవును. 2025-26లో తెలంగాణలో ఉపాధిహామీ పనికి నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. ఆ లెక్కన పన్నెండు దినములకు 3,684 రూపాయలు. అనగా మన కంటికి 2,400గా కనిపించు చికిత్స ఆమెకు 6,084 రూపాయల చికిత్స. ఫీజుకంటె పోయిన కూలియే ఎక్కువ. తోడుగా మరొకరు వచ్చినచో అది ఇంకను పెరుగును. నాట్ల సమయమున, కోతల సమయమున ఆమె అసలే రాదు.

ఇంకొక చిక్కున్నది. ఊరిలోనే ఒక సూది వేయించుకొనినచో ఆ రాత్రికే నొప్పి తగ్గును. వ్యాయామపు ఫలితము మూడవ వారమున గాని కనిపింపదు. ఫిజియోథెరపిస్టునకు అసలు పోటీ ప్రక్కవీధిలోని మరొక ఫిజియోథెరపిస్టు కాదు. ఆ సూదియు, నొప్పిబిళ్ళయు. నాలుగు దినములు వచ్చి, కొంచెము తేలిక పడగానే మానివేయువారి సంఖ్య కూడ తక్కువ కాదు.

ప్రభుత్వము రోగి తరఫున ఖర్చు భరించదా అని అడుగవచ్చును. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని కుటుంబమునకు పది లక్షల రూపాయలకు పెంచిరి. అయితే అది ముఖ్యముగా ఆస్పత్రిలో చేర్చి చేయు చికిత్సల కొరకు, శస్త్రచికిత్సల కొరకు ఏర్పడినది. ఆస్పత్రి నుండి ఇంటికి వచ్చిన పిదప వారములతరబడి సాగు వ్యాయామచికిత్సకు పెక్కుమంది తమ జేబునుండియే ఇచ్చుకొనవలసి యున్నది. ఎముక అతుకుటకు పథకము కలదు. అతికిన కాలితో నడచుటకు సొంతడబ్బు కావలెను. ఈ ఖాళీయే మన గ్రామీణ ఫిజియోథెరపిస్టు ఆదాయమునకు పెద్ద అడ్డంకి.

ఇక చదువు ఖర్చు. డిగ్రీ పేరు బి.పి.టి. ఇంతవరకు అది ఇంటర్న్‌షిప్పుతో కలిపి నాలుగున్నర ఏండ్లు. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము అనుబంధ ఆరోగ్యవృత్తులకు ఒక జాతీయ కమిషను ఏర్పడినది. అది 2025లో ప్రకటించిన పాఠ్యప్రణాళికలో కోర్సు ఐదేండ్లు; అందు చివరి సంవత్సరము ఇంటర్న్‌షిప్పు. తెలంగాణలో ఈ కాలేజీలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉన్నవి. హైదరాబాదు నిమ్స్‌లో కూడ బి.పి.టి. కోర్సు కలదు. ప్రవేశపు నియమములు మారుచున్న కాలమిది గనుక ఆ యేటి ప్రకటన చదువనిదే ఎవరి మాటను నమ్మి డబ్బు కట్టరాదు.

ఖర్చును మూడు భాగములుగా చూడవలెను. మొదటిది కాలేజీ ఫీజు. కన్వీనరు కోటాకును మేనేజిమెంటు కోటాకును ఇందు తేడా కలదు. రెండవది హాస్టలు, భోజనము, పుస్తకములు. మూడవది ఎవరును లెక్కింపనిది: ఐదేండ్లు పిల్లవాడు సంపాదింపకుండుట. మూడేండ్ల డిగ్రీ చదివి ఉద్యోగమున చేరిన అతని స్నేహితుడు ఆ రెండేండ్లలో కొంత కూడబెట్టును. అది కూడ ఖర్చే.

అప్పు చేసినచో ఎట్లుండునో అంకెలలో చూతము. నాలుగు లక్షల రూపాయల అప్పును నూటికి సాలుకు పదిన్నర వడ్డీపై ఏడేండ్లలో తీర్చవలెననుకొందము. నెలకు సుమారు 6,750 రూపాయల వాయిదా పడును. ఎనిమిది లక్షలైనచో సుమారు 13,500. చదువుకొను కాలములోని వడ్డీ అసలులో చేరినచో ఇది ఇంకను పెరుగును. ఈ రెండు అంకెలను జ్ఞాపకముంచుకొని ఆదాయము వైపు తిరుగుదము.

ఆదాయమునకు దారులు నాలుగు. మొదటిది సర్కారు కొలువు. రైల్వే వంటి కేంద్రప్రభుత్వశాఖలలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగము ఏడవ వేతనసంఘపు పట్టికలో ఆరవ స్థాయికి చెందినది. అందు ప్రారంభపు మూలవేతనము 35,400 రూపాయలు. దానిపై భత్యములు వేరు. ఇది మంచి జీతమే. చిక్కు ఏమనగా దేశమంతటికి కలిపి ప్రకటించినను ఖాళీలు పదులలో ఉండును గాని వేలలో ఉండవు. జిల్లాస్థాయిలో శిశువుల లోపములను ముందుగా గుర్తించు కేంద్రములు ఉన్నవి. ప్రత్యేక అవసరములు గల పిల్లల కొరకు మండలములలో భవిత కేంద్రములు ఉన్నవి. వీనిలో ఫిజియోథెరపిస్టులకు పని కలదు. కాని అది చాలవరకు కాంట్రాక్టు పద్ధతిపై నడచునది. ఏటేట పొడిగింపు కొరకు ఎదురుచూచు కొలువును ఆధారము చేసికొని పెద్ద అప్పు చేయరాదు.

రెండవది ప్రైవేటు ఆస్పత్రి. హైదరాబాదులోని పెద్ద ఆస్పత్రులు మొదలు జిల్లాకేంద్రములలోని ఎముకల ఆస్పత్రుల వరకు ఈ ఉద్యోగము దొరకును. కొత్తగా చేరినవారికి ఇచ్చు జీతము పలుచోట్ల పైన చెప్పిన మూలవేతనములో సగమునకు అటునిటుగానే యుండును. హైదరాబాదులో గది అద్దె, తిండి పోగా ఎనిమిది లక్షల అప్పు వాయిదా కట్టుట ఆ జీతముతో సాధ్యము కాదు. నాలుగు లక్షలదైన కష్టము మీద కట్టవచ్చును. అయినను మొదటి రెండు మూడేండ్లు మంచి ఆస్పత్రిలో పనిచేయుట వృథా కాదు. కాలేజీలో పుస్తకము చదువుకొందురు. చేతికి పని పట్టువడునది అక్కడ.

మూడవది సొంత క్లినిక్కు. మన జిల్లాల యువకులు ఎక్కువగా తలపెట్టునది ఇదియే కనుక దీని లెక్క వివరముగా వేయుదము. ఇవి ఉదాహరణకు తీసుకొనిన అంకెలు. ఎవరి ఊరి అంకెలు వారు వేసుకొనవలెను. గది అద్దె నెలకు 5,000 రూపాయలు. కరెంటు, శుభ్రత 1,500. సగము దినము పనిచేయు సహాయకురాలికి 5,000. యంత్రముల వాయిదా, మరమ్మతు 3,500. మొత్తము 15,000. సిట్టింగునకు 200 రూపాయలు, నెలకు 25 పనిదినములు అనుకొనినచో, దినమునకు ఒక్క రోగి వలన నెలకు వచ్చునది 5,000 రూపాయలు. అనగా ప్రతిదినము వచ్చు మొదటి ముగ్గురు రోగులు గదికి, కరెంటుకు, యంత్రమునకు పోవుదురు. నాలుగవవాని నుండియే మన ఇంటికి.

దినమునకు ఆరుగురు వచ్చినచో వచ్చునది 30,000. ఖర్చు పోగా మిగులు 15,000. పదిమంది వచ్చినచో 50,000, మిగులు 35,000. రోగులు ఆరు నుండి పదికి పెరిగిరి, రెట్టింపు కూడ కాలేదు. మిగులు మాత్రము రెండింతలు దాటినది. కనుకనే ఒకే వీధిలో, ఒకే చదువు చదివిన ఇద్దరిలో ఒకడు బాగుపడుటయు, ఒకడు బోర్డు దింపుకొనుటయు జరుగుచుండును. వారి నడుమ నున్న తేడా దినమునకు నలుగురు రోగులే.

ఇప్పుడు అప్పును కలుపుదము. ఆరుగురు రోగులు గలవానికి నాలుగు లక్షల అప్పు ఉన్నచో 15,000లో 6,750 పోయి 8,250 మిగులును. ఎనిమిది లక్షల అప్పు ఉన్నచో మిగులునది 1,500 రూపాయలు. ఒకే చదువు, ఒకే నైపుణ్యము, ఒకే రోగులు. కాలేజీలో చేరిన దినమున చేసిన అప్పు ఒక్కటి మారుటచే ఒకడు కష్టముగానైనను నిలిచెను, మరొకడు నిలువజాలడు. ఈ వృత్తి లాభమా నష్టమా అను ప్రశ్నకు సగము సమాధానము ఇక్కడ ఉన్నది. మనము వృత్తిని గూర్చి అడుగుచుందుము. అప్పును గూర్చి అడుగవలెను.

అయినచో పదిమందితో ఆగుట యెందుకు, ఇరువదిమందిని చూడరాదా? ఇక్కడనే మొదట చెప్పిన రెండు చేతుల మాట వచ్చును. ఒక్కొక్క రోగికి నలుబది నిమిషములు ఇచ్చినచో పదిమందికి ఆరుగంటల నలుబది నిమిషములు పట్టును. పదునైదుమందికి పది గంటలు. దానిని దాటినచో రోగిని యంత్రమునకు తగిలించి ప్రక్కగదికి పోవుట తప్ప మార్గము లేదు. అట్లు చేసిన క్లినిక్కునకు మొదట డబ్బు వచ్చును. కాని వైరు తగిలించుకొని వచ్చితిమి, గుణము లేదు అను మాట బస్సు దిగకముందే ఊరు చేరును. మందులషాపువాడు సరుకు పెంచి అమ్మకము పెంచుకొనగలడు. ఫిజియోథెరపిస్టు తన చేతులను పెంచుకొనలేడు. ఈ వృత్తిలో ఆదాయమునకు సహజముగా ఒక కప్పు ఉన్నదని తెలిసికొని చేరవలెను.

ఆ కప్పును న్యాయముగా కొంత పైకెత్తు ఉపాయములు లేకపోలేదు. ఎం.పి.టి. చదివి పక్షవాతము, శిశువుల చికిత్స వంటి ఒక శాఖలో ప్రత్యేకజ్ఞానము సంపాదించినవారికి దూరపు రోగులు కూడ వత్తురు. బోధనోద్యోగమునకు అర్హత కలుగును. రెండు మూడు ఆస్పత్రులలో గంటల లెక్కన పనిచేయువారు సొంతగది అద్దె లేకుండ బ్రతుకగలరు. ఇంటికి వెళ్ళి చేయు చికిత్సకు ఫీజు ఎక్కువ వచ్చును. ఐతే పెట్రోలును, దారిలో పోవు గంటను కూడ ఖర్చులో వ్రాసికొనవలెను. మోకాళ్ళనొప్పులు గల ఐదారుగురిని ఒకేసారి కూర్చుండబెట్టి తక్కువ ఫీజుపై వ్యాయామము నేర్పుట మరొక మార్గము. పొద్దుగూకిన తరువాత రెండు గంటలు క్లినిక్కు తెరచి యుంచినచో కూలి పోగొట్టుకొనక రాగలవారు వత్తురు. మనము పైన చూచిన స్త్రీ 6,084 రూపాయల ఖర్చులో 3,684 ఆ విధముగా తగ్గును. ఫీజు ఒక్క రూపాయి తగ్గింపకయే చికిత్స ఆమెకు సగముకంటె చౌకయైనది. కొన్నిచోట్ల రోగిని పంపినవారికి ఫీజులో వాటా ఇచ్చు వాడుక కలదు. అది ధర్మము కాదు. పైగా మిగులు ముందే కోసుకొనిపోవును.

ఇందు ఆడపిల్లలకు ఒక అనుకూలము ఉన్నది. పల్లెలలో నడుము, తుంటి, మోకాలు నొప్పిగల పెద్దమ్మలు పరాయి మగవాని చేత వైద్యము చేయించుకొనుటకు వెనుకాడుదురు. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, కల్వకుర్తిలోనో ఒక స్త్రీ ఫిజియోథెరపిస్టు ఉన్నచో ఇంతవరకు ఏ క్లినిక్కునకును పోని రోగులు ఆమె వద్దకు పోవుదురు. ఇంటిలోనే ముందుగది నుపయోగించుకొనినచో అద్దెయు తప్పును. అనగా లెక్కలో మూడవ రోగి నుండియే ఇంటికి మిగులు.

నాలుగవ దారి విదేశము. అమెరికాలో ఈ వృత్తివారి నడిమి వార్షికవేతనము 2024 మే నాటి ప్రభుత్వగణాంకముల ప్రకారము 1,01,020 డాలర్లు. ఈ అంకెను కాలేజీల ప్రకటనలలో పెద్ద అక్షరములతో వేయుదురు. దాని వెనుక నున్న మెట్లను వేయరు. అక్కడ నేడు ఈ వృత్తిలో ప్రవేశించుటకు చదువునది డాక్టరేటు స్థాయి డిగ్రీ. మన డిగ్రీ దానికి సమానమా కాదా అని పరిశీలింపజేసికొనవలెను, కొరవడిన పాఠములు చదువవలెను, లైసెన్సు పరీక్ష గెలువవలెను, వీసా రావలెను. ఇది చేరరాని దారి కాదు. మన తెలుగుపిల్లలు చేరినవారున్నారు. అయితే పరాయిదేశపు జీతమును తలచుకొని స్వదేశములో అప్పు చేయుట, పడని వానను నమ్మి విత్తనములు చల్లుట వంటిది. మన ఊరిలో వచ్చు ఆదాయముతోనే తీరు అప్పు చేసి చదివి, ఆపైన విదేశమవకాశము వచ్చినచో సంతోషముగా పోవచ్చును.

రాబోవు కాలమెట్లుండును? కృష్ణానీరు, మిషన్ భగీరథ గొట్టములు ఊళ్ళకు చేరిన తరువాత క్రొత్తతరమునకు ఫ్లోరోసిస్ ముప్పు తగ్గినది. అది మనమందరము కోరినదే. కనుక ఆ రోగమును నమ్ముకొని ఎవరును ఈ చదువులో చేరరాదు. పోలియో చెప్పిన పాఠమే ఇక్కడను వర్తించును. మరొకవైపు మహబూబ్‌నగరములో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను, నాగర్‌కర్నూలు, వనపర్తులలో 2022లోను, గద్వాల, నారాయణపేటలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. బీబీనగరములో ఎయిమ్స్ వెలసినది. శస్త్రచికిత్సలు హైదరాబాదు పోకుండ ఇక్కడనే జరిగినచో తదుపరి వ్యాయామచికిత్స కూడ ఇక్కడనే జరుగవలసి వచ్చును. వృద్ధులు పెరుగుచున్నారు, వారి పిల్లలు పట్టణములలో ఉద్యోగములు చేయుచు ఫీజు పంపగలిగి యున్నారు. కనుక గిరాకి పెరుగుననుట ఊహ మాత్రము కాదు. పెరుగుట మెల్లగా జరుగును. అప్పు వాయిదా మాత్రము ప్రతినెల వచ్చును. ఆ రెండింటి నడుమనున్న నాలుగైదేండ్లు తట్టుకొనగలుగుటయే అసలు పరీక్ష.

కాబట్టి సంతకమునకు ముందు తలిదండ్రులు నాలుగు సంగతులు విచారించవలెను. ఒకటి, ఆ కాలేజీకి నిజముగా రోగులు వచ్చు ఆస్పత్రి ఉన్నదా? బొమ్మలపై నేర్చిన చేతికి పని రాదు. రెండు, మూడేండ్ల క్రిందట అక్కడ చదివినవారిలో ముగ్గురిని కలిసి ఇప్పటి జీతమెంతయని అడుగవలెను. కాలేజీ చెప్పు లెక్కకంటె ఇది నిజమైనది. మూడు, ఫీజు రీయింబర్స్‌మెంటునకు అర్హత ఉన్నదా, ఉన్నచో ప్రభుత్వము నుండి ఆ డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీ ఎవరినడుగును అనునది వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. నాలుగు, మొత్తము అప్పు నెలసరి వాయిదా ఎంత? అది కొత్తవాని మొదటి జీతములో మూడవవంతును దాటినచో ఆ సీటు వదలి, ఫీజు తక్కువగా నున్న సీటు కొరకు ప్రయత్నించుట మేలు.

పిల్లనుగాని, పిల్లవానినిగాని కూడ ఒక ప్రశ్న అడుగవలెను. లేవలేని ముసలివానిని ప్రతిదినము లేపి, అదే వ్యాయామమును నూరవసారి అదే ఓర్పుతో చేయించగలవా? డాక్టరు సీటు రాలేదను బాధతో మాత్రమే ఇందు చేరినవారికి ఆ ఓర్పు ఉండదు. ఓర్పు లేనిచో రోగి రాడు. రోగి రానిచో మనము వేసిన లెక్కలన్నియు కాగితముపైననే ఉండిపోవును.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఈ చదువు వలన భాగ్యవంతులగుట అరుదు. తక్కువ ఖర్చుతో సీటు దొరకి, రెండుమూడేండ్లు మంచి చేతుల క్రింద పని నేర్చి, సొంత ఊరికి దగ్గరలోని పట్టణమున దినమునకు పదిమంది నమ్మి వచ్చునట్లు నిలువగలిగినచో గౌరవముగా ఇల్లు గడచును, అప్పు తీరును, ఎన్నడును పని లేకుండ పోదు. ఎక్కువ ఖర్చుతో, పెద్ద అప్పుతో చేరినవారికి అదే వృత్తి భారమగును. ఈ యేడు ఫలితములు వచ్చిన ఇంటిలో రేపు సాయంత్రము ఒక కాగితము తీసికొని, ఒకవైపు వాయిదాను, మరొకవైపు మొదటి జీతమును వ్రాసి చూడుడు.